గుండీల కొట్టు ఆంటీ ఓటు

సింగపూర్‌లో నాకంటే తెలివితక్కువ బేరం చేసినవాడు ఇంకొకడున్నాడంటే నేను ఒప్పుకోను. ఉద్యోగం దీవికి పడమటి వైపు సైన్స్ పార్క్‌లో. ఇల్లు తూర్పు కొసన పాసిర్ రిస్‌లో. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు, ఆ పైన సముద్రమే. పొద్దున్నే రైలెక్కితే దేశం మొత్తం కిటికీలోంచి చూసేసి, బ్యూనా విస్టాలో దిగి, బస్సు కోసం నిలబడి, ఆఫీసు మెట్లెక్కేసరికి ఒక పూట పని చేసినంత అలసట. ఇంకొకడైతే దీన్ని తప్పంటాడు. నేను మాత్రం చాలాకాలం ఘనకార్యంగానే చెప్పుకుని తిరిగాను. ఎందుకంటే ఆ గది అద్దె నాలుగో వంతు తగ్గించాను. తగ్గించినదంతా రైలు చార్జీలకీ, నిద్ర చాలక మధ్యాహ్నం తాగే కాఫీలకీ సరిపోయిందని మొదటి నెలలోనే తేలింది. బయటికి మాత్రం చెప్పలేదు. బట్టల కొట్టువాడి కొడుకు నష్టానికి బేరం చేశానని పదిమందిలో ఒప్పుకుంటాడా?

మాది తెనాలి. బజారులో నాన్నది బట్టల కొట్టు, పక్కన బాబాయిది ఇత్తడి సామాను, ఎదురుగా మేనమామది మందుల షాపు. నేను మాటలు నేర్చింది ఇంట్లో కాదు, గల్లా పెట్టె పక్కన. "మీకని చెప్తున్నా", "కొనే ధర చెప్పండి", "పడదండీ, మాకే పడలేదు": ఇవే నా ఓనమాలు. తర్వాత కంప్యూటర్లు నేర్చుకున్నాను. కొత్త శతాబ్దం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని దొరలంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగ మా తెలుగువాళ్ళలో చాలామందికి విమానం టికెట్టు కొనిపెట్టింది. నాకు సింగపూర్ తగిలింది.

మా టీములో కరీంనగర్ నుంచి వచ్చినవాడొకడు ఉండేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. సేటూ అనేవాడు.

"ఏంది సేటూ, గంత దూరం తీస్కున్నవ్ ఇల్లు? ఇంకో రెండు స్టేషన్లు పోతే ఇండోనేషియా వస్తది గద."

"అద్దె ఎంతో తెలుసా నీకు?"

"అద్దె తెల్వది గానీ, నీ కండ్లు జూస్తే నిద్ర ఎంతనో తెలుస్తుంది."

వాడు వేళాకోళానికి అన్నాడు గానీ, ఇండోనేషియా నిజంగానే మా ఇంట్లో ఉండేది.

ఆ గది సంగతి నేను మార్కెట్లో అతికించిన చీటీ చూసి తెలుసుకున్నాను. ఫోన్ చేస్తే ఒకావిడ, రేపు సాయంత్రం రమ్మంది, ఇంకా కొందరు చూడ్డానికి వస్తున్నారంది. నేను సాయంత్రం దాకా ఆగలేదు. తెల్లారీ తెల్లారకముందే వెళ్ళి తలుపు తట్టాను. మా బజారులో పొద్దుటి మొదటి బేరం తిప్పి పంపరు. గిట్టినా గిట్టకపోయినా ఇచ్చేస్తారు. బోణీ వెనక్కి పోతే రోజంతా కొట్టు చల్లబడుతుందని భయం. ఈ గుట్టు తెలిసిన ఘటికులు కొందరు పొద్దున్నే వచ్చి గీచి గీచి బేరమాడేవాళ్ళు. నాన్న వాళ్ళని లోలోపల మనసారా తిట్టుకునేవాడు, గుడ్డ మాత్రం కత్తిరించి ఇచ్చేవాడు. ఈ నమ్మకం సింగపూర్‌లో పనిచేస్తుందని నాకెవరూ చెప్పలేదు. అలవాటు కొద్దీ వెళ్ళానంతే.

యాభై ఏళ్ళ చైనా ఆవిడ తలుపు తీసింది. చేతిలో బియ్యం కడుగుతున్న గిన్నె.

"సాయంత్రం కదా రమ్మన్నాను?"

"ఇటే వెళ్తున్నాను ఆంటీ, ఓసారి చూసి పోదామని."

"ఆఫీసెక్కడ?"

"సైన్స్ పార్క్."

"మరి ఇటెందుకు వెళ్తున్నావు?"

నేను అద్దె మాట ఎత్తాను. ఆవిడ ఇంగ్లిషూ నా మలాయ్ భాషా రెండూ అరకొరవే, కానీ బేరానికి అంతకంటే భాష అక్కర్లేదు. ఆవిడ ఒక అంకె అంది. నేను సగం అన్నాను. ఆవిడ నవ్వింది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోతున్నట్టు నటించాను. గుమ్మం దాటేలోగా వెనక్కి పిలిచింది. అడ్వాన్సు చేతిలో పెట్టగానే ఆవిడ చేసిన పని చూసి నేను నిలబడిపోయాను. ఆ నోట్లతో ఫ్రిజ్‌ను తట్టింది. సోఫాను తట్టింది. టీవీని తట్టింది. చివరికి నా గది తలుపును కూడా తట్టి, "పెంగ్లారిస్" అంది. మన బోణీకి వాళ్ళ మాట అది.

"ఆంటీ, మీది ఏం కొట్టు?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. "నీకెవరు చెప్పారు?"

"మా నాన్న బోణీ డబ్బులు కళ్ళకద్దుకుంటాడు. మీరు సామాన్లకి అద్దుతున్నారు. అంతే తేడా."

ఆవిడ నన్ను కిందినుంచి మీదికి కొత్తగా చూసింది. "అయితే తెలిసే ఇంత పొద్దున్నే వచ్చావన్నమాట. దొంగ!" అంది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక కులం వాళ్ళమైపోయాం.

అది ఆవిడ చెల్లెలి ఫ్లాట్. చెల్లెలు ఇక్కడివాణ్ణి చేసుకుని ఎప్పుడో ఈ దేశస్థురాలైపోయింది, భర్తతో వేరే ఫ్లాట్‌లో ఉండేది. దీన్లో ఆంటీ, పాలిటెక్నిక్ చదివే ఆవిడ కూతురు, నేను. ఆంటీ భర్త ఎప్పుడో పోయాడు. తల్లీకూతుళ్ళు జకార్తా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. కొట్లలో పెరిగినవాళ్ళకి మంచం మీద తెల్లారదు. నేను లేచేసరికి ఆవిడ వంటింట్లో ఉండేది. ఆవిడ చిక్కటి నల్ల కాఫీ, నేను నా పాలపొడి టీ. ఎదురెదురుగా కూర్చుని రైలు టైము దాకా కబుర్లు. అలా ముక్కలు ముక్కలుగా ఆవిడ కథ నాకు తెలిసింది.

జకార్తా పాత బజారులో గుండీలు, జిప్పులు, లేసులు, దారపు ఉండలు అమ్మే కొట్టు. తాత పెట్టింది. ఆ దేశాన్ని ముప్పై ఏళ్ళకు పైగా ఒక్క పెద్దమనిషే ఏలాడు. ఆ ఏలుబడి మొదట్లోనే చైనా సంతతి వాళ్ళందరూ అచ్చంగా ఆ దేశపు పేర్లు పెట్టుకోవాలన్నారు. చైనా అక్షరాలతో బోర్డులుండకూడదు. కొత్త సంవత్సరం పండగ తలుపులేసుకుని చేసుకోవాలి. ఆవిడ అప్పటికి పెళ్ళీడు పిల్ల. ఒక సాయంత్రం వాళ్ళ నాన్న కొట్టు కట్టేసి వచ్చి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, "రేపట్నుంచి నీ పేరిది, నీ పేరిది" అని పంచిపెట్టాడట.

"గుండీల రంగులు పంచినట్టు పంచాడు," అంది ఆంటీ. "నాకు వచ్చిన పేరు పక్కింటి పిల్లకి కూడా ఉండేది. పిలిస్తే ఇద్దరం పరిగెత్తేవాళ్ళం."

ఇంత చేసినా వాళ్ళు ఆ దేశంవాళ్ళని ఎవరూ నమ్మలేదు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగినా, నేను ఈ దేశంవాణ్ణే అని రుజువు చూపించే కాగితం ఒకటి అందరికంటే అదనంగా మోసుకు తిరగాలి. బడిలో చేరడానికి అదే, పెళ్ళికి అదే. ఆ పెద్దమనిషి దిగిపోవడానికి కొద్దిరోజుల ముందు ఊళ్ళో అల్లర్లు రేగి, చైనా మొహాల కొట్లను వెతికి వెతికి తగలబెట్టినప్పుడు, ఆ కాగితం ఎవరూ అడగలేదు.

ఆ సంగతి ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది. మంటల గురించి చెప్పలేదు. గుండీల గురించి చెప్పింది. "అన్ని రంగులూ కరిగి ఒకే ముద్దయిపోయాయి. చేతికి బండరాయిలా తగిలింది. దేనికీ పనికిరాదు." అంతే. లేచి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలెట్టింది.

ఇక్కడ మార్కెట్లో ఆవిడకి వేరే ముచ్చట. కూరలమ్మే ముసలాయన మొహం చూసి మాండరిన్‌లో పలకరించేవాడు. ఆవిడకి ఆ భాష రాదు, నేర్పే బళ్ళు వాళ్ళ దేశంలో ఎప్పుడో మూయించేశారు. చైనా మొహం పెట్టుకుని చైనా మాట రాకపోవడమేమిటని ఆయన అరటిపళ్ళు తూస్తూ గొణుక్కునేవాడు.

"అక్కడ చైనాదాన్నని తరిమారు. ఇక్కడ ఈ ముసలాడు కాదని తిడుతున్నాడు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి తేల్చుకు రమ్మనాలి," అంది ఆంటీ.

"నన్ను ఆయన తమిళంలో పలకరిస్తాడు ఆంటీ. నేను తెలుగంటే, అదేమిటి, ఎక్కడుంది అంటాడు."

"నువ్వేం చెప్తావు?"

"పావలా ఎక్కువ కొత్తిమీర వెయ్యి, చెప్తానంటాను."

ఆ ఏడు వాళ్ళ దేశంలో ఎన్నికలు ప్రకటించారు. పెద్దమనిషి ఉన్న రోజుల్లోనూ ఎన్నికలుండేవి. మూడే పార్టీలు, ఎవరు గెలుస్తారో ముందే తెలుసు, ఎక్కడ గుర్తు పెట్టాలో వార్డు పెద్ద వచ్చి చెప్పిపోయేవాడు. ఈసారి నలభైకి పైగా పార్టీలు. టీవీలో వాళ్ళ జెండాలు చూసి ఆంటీ, "లేసుల కొట్టులా ఉంది," అంది. సింగపూర్‌లో ఉన్న వాళ్ళ దేశస్థులు ఎంబసీకి వెళ్ళి పేరు రాయించుకుంటే ఇక్కడే ఓటెయ్యొచ్చన్నారు.

సరిగ్గా అప్పుడే చెల్లెలు ఒక దారి చూసింది. టోవా పాయోలో కుట్టుసామాను అమ్మే చిన్న కొట్టు ఒకటి, నడిపే ముసలామె విరమించుకుంటోంది. ఆంటీ అది తీసుకుని ఇక్కడే స్థిరపడేలా కాగితాల సంగతి తాను చూస్తానంది. కొట్టు బేరం చేసే పని నా మీద పడింది. నాకు ఇంకేం కావాలి? ఒక శనివారమంతా ఆ కొట్టు ఎదుటి మెట్ల మీద కూర్చుని ఎవరొస్తున్నారో, ఏం కొంటున్నారో, ఎవరు ఉత్తచేతులతో పోతున్నారో చూశాను. తర్వాత ముసలామె దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి, మూడుసార్లు అలిగి లేచొచ్చి, ఆమె అడిగినదాన్ని బాగా కిందికి దించాను. సరుకు పెట్టే అద్దాల బీరువాలు కూడా కలిపే ఇవ్వాలన్నాను. ఒప్పుకుంది. నా జీవితంలో అంత మంచి బేరం అంతకు ముందు చెయ్యలేదు, తర్వాతా చెయ్యలేదు.

ఆంటీ మాత్రం ఔననలేదు, కాదనలేదు. టోవా పాయో కొట్టుకి నెలాఖరులోగా మాట ఇవ్వాలి. ఎంబసీలో పేరు రాయించుకోవడానికి కూడా దాదాపు అదే గడువు. ఓటేస్తే ఇక్కడ ఉండకూడదని ఏ చట్టమూ లేదు. కానీ ఆవిడకి అవి రెండూ ఒకటే ప్రశ్న. పేరు రాయించుకుంటే, తగలబడిన వీధి ఇంకా తనదే అని ఒప్పుకున్నట్టు. అది కూతురికీ తెలుసు. ఆ పిల్ల అప్పటికే సింగపూర్‌వాళ్ళ లాగా మాట చివర 'లా' అని తగిలించేది.

"అమ్మా, వాళ్ళు మన కొట్టు తగలబెట్టారు లా. నువ్వెళ్ళి వాళ్ళకి ఓటేస్తావా?"

"అందరూ తగలబెట్టలేదే."

"అందరూ చూస్తూ నిలబడ్డారు కదా."

ఆంటీ కాఫీ కలుపుకోసాగింది. కూతురు నావైపు తిరిగింది. "అంకుల్, మీరు చెప్పండి లా. బిజినెస్ తెలిసినవాళ్ళు." నాకప్పటికి ముప్పై నిండాయో లేదో. ఆ అంకుల్ పిలుపు మింగుడు పడకపోయినా, బిజినెస్ తెలిసినవాళ్ళన్న మాటకి పడిపోయాను. మునిగిన చోట మళ్ళీ పెట్టుబడి పెట్టకూడదని, టోవా పాయో కొట్టు బంగారమని, మా నాన్నైనా అదే చెబుతాడని చాలాసేపు ఉపన్యసించాను. పిల్ల తల ఊపింది. ఆంటీ ఓపిగ్గా విని, కాఫీ కప్పు కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున అడిగింది. "మీ నాన్న ఓటేస్తాడా?"

"వేస్తాడు. ఓటేసి వచ్చాకే ఆ రోజు షట్టర్ ఎత్తుతాడు."

"ఎందుకు అంత?"

అప్పుడు నేను ఎమర్జెన్సీ గురించి చెప్పాల్సి వచ్చింది. నాకు బాగా చిన్నతనం. జైళ్ళూ, పత్రికల నోళ్ళు కట్టడాలూ నాకేం తెలుసు? నాకు గుర్తున్నదల్లా కొట్టు ముందు వేలాడిన నల్లబోర్డు. ఏ గుడ్డ గజం ఎంతో సుద్దముక్కతో రోజూ రాయాలి. లేకపోతే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. బోర్డు మీద ఉన్నదే ధర, బేరం లేదు. కొనేవాళ్ళు వచ్చి, బోర్డు చూసి, డబ్బులిచ్చి, మాట్లాడకుండా పోయేవాళ్ళు. జనానికి అది బాగానే ఉండేది, అబద్ధమెందుకు. నాన్నకి మాత్రం పిచ్చెక్కినట్టుండేది. మనిషి వచ్చి నిలబడితే, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి, ఎంతలో చూపించమంటారు అని అడగలేకపోతే అదేం కొట్టు? గోడౌనుకీ దీనికీ తేడా ఏమిటనేవాడు. తర్వాత ఎన్నికలొచ్చాయి. ఆ పొద్దున ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళి ఓటేసొచ్చాడు.

"గెలిచాడా?"

"దేశమంతా ఒకటి వేసింది, మా రాష్ట్రం ఇంకోటి వేసింది. ఆయన ఎటు వేశాడో మాకు ఇప్పటికీ చెప్పలేదు. బోర్డు మాత్రం అటకెక్కింది. మళ్ళీ బేరాలు మొదలయ్యాయి."

ఆంటీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి టోవా పాయో ఖాయమైందనుకున్నాను. మనుషుల్ని అంచనా వెయ్యడంలో నేనెంత దిట్టనో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

రెండు మూడు రోజుల తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కూతురు తన గది తలుపు వేసుకుని ఉంది. ఆంటీ చేపలు వేయిస్తోంది.

"పేరు రాయించాను," అంది వెనక్కి తిరక్కుండానే.

"మరి టోవా పాయో?"

"వేరేవాళ్ళకి ఇచ్చుకోమని చెప్పేశాను."

"బీరువాలతో సహా మాట్లాడాను ఆంటీ!" నా గొంతు నాకే ఏడుపులా వినపడింది.

ఆవిడ పొయ్యి ఆపి, గరిటె చేత్తో పట్టుకునే నా ఎదురుగా కూర్చుంది. "విను. మా పెద్దమనిషి దగ్గర బేరం లేదు. ఆయన చెప్పిందే రేటు. నీ పేరిది, నీ బోర్డు ఇలా ఉండాలి, అంతే. ఇన్నేళ్ళకి మొదటిసారి కొట్టు ముందుకొచ్చి, మీరెంతంటారని అడుగుతున్నారు. నాకు గిట్టదని తెలుసు. వాళ్ళు ఇచ్చేది నాకు పోయినదాన్లో ఏ మూలకీ రాదు. కానీ నువ్వు చెప్పు, మీ నాన్న పొద్దున్నే వచ్చిన మొదటి బేరం తిప్పి పంపుతాడా?"

సరిగ్గా ఆ లెక్కతోనే కదా ఆవిడ దగ్గర గది కొట్టేశాను.

పోలింగు జూన్‌లో వచ్చింది. నేను సెలవు పెట్టాను. మా కరీంనగర్‌వాడు ఊరుకోలేదు. "ఎవని ఎలక్షన్లకు ఎవడు లీవు పెడ్తున్నడు సేటూ? మనూళ్ళె ఎలక్షన్లకు పోయినవా ఎన్నడన్న?" పోలేదు. చదువులనీ, ఉద్యోగమనీ ఎప్పుడూ ఊరు దాటే ఉన్నాను. వాడికి ఆ మాట చెప్పకుండా, "నువ్వు కోడ్ చూసుకో," అన్నాను.

బోణీ అంటే మొదట మనమే ఉండాలి కదా. నా పోరు పడలేక ఆంటీ మొదటి రైలుకే బయల్దేరింది. ఎంబసీ ఉన్నది చెట్ల నీడలో బంగళాలున్న వీధి. మేం వెళ్ళేసరికి గేటింకా తియ్యలేదు. కాపలా అతను మమ్మల్ని చూసి ఆవలించాడు. ఆంటీని గేటుకి ఆనించినట్టు నిలబెట్టి, నేను రోడ్డుకి అవతల చెట్టు కింద చేరాను. కాసేపటికి ఆవిడ వెనక వరస మొదలైంది. చదువుకునే పిల్లలు, కార్లలో దిగిన షావుకార్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. సెలవు లేని రోజు కదా, పనివాళ్ళు వస్తారని నేననుకోలేదు. ముచ్చటపడి బొట్టూ కాటుక పెట్టుకున్నట్టు ముస్తాబై వచ్చారు. కాపలా అతను ఆవలించడం మానేసి టోపీ సర్దుకున్నాడు.

ఆంటీ వెనకే జావా పల్లెటూరి పిల్ల ఒకతె నిలబడింది. ఆమె మాత్రం ముస్తాబు కాలేదు. చేతిలో మార్కెట్ సంచి. సంచిలో చేప, దాని మంచు కరిగి చెప్పుల మీద బొట్లు బొట్లుగా కారుతోంది. యజమానురాలు చేప తెమ్మని పంపి, దార్లో ఓటేసుకుని గబగబా వచ్చెయ్యమందట. గేటు తీసేలోపు ఆ పిల్ల సంచీ వైపూ, రోడ్డు వైపూ, సంచీ వైపూ చూస్తూనే ఉంది.

ఆంటీ వెనక్కి తిరిగి ఏదో అడిగింది. ఆ పిల్ల చెప్పింది. ఆంటీ పక్కకి జరిగి, ఆమె భుజం పట్టి తన ముందుకి నెట్టింది.

నేను రోడ్డు దాటి పరిగెత్తాను. "ఏంటాంటీ ఇది! రైలు కూడా కళ్ళు నులుముకోకముందే వచ్చింది దీనికోసమా? బోణీ ఇచ్చేశారేంటి?"

"అరవకు. చేప పాడైపోతే ఆ పిల్లని తిడతారు."

"అయితే మాత్రం మొదటిది!"

"కొట్టు నా ఒక్కదానిదా?" అంది ఆంటీ.

గేటు తీశారు. చేప సంచీ పిల్ల లోపలికి పోతూ వెనక్కి తిరిగి, "తెరిమా కసిహ్, ఇబు," అంది. దణ్ణాలమ్మా అన్నట్టు. ఆ ఇబు అన్న పిలుపు వాళ్ళ దేశంలో కన్నతల్లికీ, పంతులమ్మకీ, పెద్దావిడ ఎవరికైనా వాడతారు. ఆంటీని ఆవిడ కొట్టుకొచ్చే జనం ముప్పై ఏళ్ళు అలా పిలవలేదు. చైనా ఆడవాళ్ళకని విడిగా ఉంచిన పిలుపొకటుంది, దాంతోనే పిలిచారు. ఇదంతా ఆవిడ నాకు తిరుగు దారిలో చెప్పింది. అప్పుడు మాత్రం నాకు కనిపించింది ఒకటే, ఆవిడ మెడ కాస్త నిటారుగా అయింది. అలాగే లోపలికి వెళ్ళింది.

బయటికొచ్చేసరికి చూపుడువేలు సగానికి సిరా. మా ఊళ్ళో అయితే గోరు మీద గీత గీస్తారు, వీళ్ళు వేలు పట్టి సీసాలో ముంచేశారు.

"ముద్ర వేశారా ఆంటీ?"

"మాకు ముద్ర లేదు. మేకు. కాగితానికి చిల్లి పెట్టాలి." నవ్వింది. "గుండీకి నాలుగు చిల్లులు. దీనికి ఒక్కటే."

"ఎవరికి వేశారు?"

"మీ నాన్నని అడుగు, చెప్తాడేమో."

తిరుగు బస్సులో ఆవిడ సిరా వేలున్న చేత్తోనే పై కడ్డీ పట్టుకుని నిలబడింది. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. పక్కనున్న ఒకమ్మాయి ఆ మరక చూసి జాలిపడి, సంచీలోంచి టిష్యూ తీసి ఇచ్చింది. ఆంటీ థాంక్స్ చెప్పి అది మడిచి జేబులో పెట్టుకుంది. నాకెందుకో ఛాతీ పొంగింది. నా దేశం కాదు, నా ఓటు కాదు. అయినా మా బజారు మనిషే కదా అనిపించింది.

మరుసటి ఏడు వాళ్ళ కొత్త ప్రభుత్వం పాత నిషేధాలు కొన్ని ఎత్తేసింది. చైనా కొత్త సంవత్సరం వీధిలో చేసుకోవచ్చు. టీవీలో జకార్తా వీధిలో సింహం వేషం ఆడుతుంటే ఆంటీ తెర దగ్గరికి జరిగి, వేషం కట్టినవాళ్ళ మొహాలు వెతికింది. ఆ ముసుగు కింద సగంమంది జావా కుర్రాళ్ళే. "ఆట సరిగ్గా రాలేదు. ఎవరు నేర్పారని ఇన్నాళ్ళూ?" అంది. తర్వాత కొద్ది వారాలకే టికెట్టు కొనుక్కుంది.

"నేను రాను లా," అంది కూతురు.

"రమ్మనలేదే."

"నేను ఇక్కడిదాన్నే అయిపోతాను."

"అవ్వు. బాగా అవ్వు. సగం సగం అవ్వకు."

ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే అమ్మ పెట్టె బరువు చూసి, అందులోంచి ఇస్త్రీపెట్టె తీయించేసి, జిప్పు వేసిపెట్టింది. ఆంటీ వెళ్ళిపోయాక నేను గది ఖాళీ చేసి సైన్స్ పార్క్‌కి దగ్గరగా ఇల్లు చూసుకున్నాను. నిద్ర పట్టింది. పొద్దున్నే మాట్లాడే మనిషి మాత్రం దొరకలేదు.

ఇంకో ఏడాదికి మా కంపెనీ నన్ను జకార్తా పంపింది, ఒక బ్యాంకు పని మీద. ఆదివారం ఆంటీ అడ్రసు రాసిన చీటీ పట్టుకుని పాత బజారు వెతుక్కుంటూ వెళ్ళాను. వీధిలో ఇంకా కొన్ని కొట్లు మసిబారిన గోడలతో అలాగే ఉన్నాయి. వాటి మధ్య ఇరుకుగా ఒక కొట్టు, పైన కొత్త బోర్డు. ఎర్రటి చైనా అక్షరాలు మూడు, కింద వాళ్ళ భాషలో గుండీలు, జిప్పులు అని. ఆంటీ బల్ల వెనక కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని లేసు కొలుస్తోంది.

"బోర్డు బాగుంది ఆంటీ. ఏం రాసుంది?"

"నా పేరు. మా నాన్న తీసేసింది." లేసు చుట్టేస్తూ, "నాకు చదవడం రాదు. రాసిన పెద్దాయన అదే అన్నాడు. నమ్మాను," అంది.

స్టూలు వేసింది. నాకు టీ, తనకి నల్ల కాఫీ తెప్పించింది. మేనల్లుడి చొక్కాలకని గుండీలు ఏరుకుని, ధర అడిగి, అలవాటు కొద్దీ సగం అన్నాను. ఆవిడ నా చేతిలోంచి గుండీలు వెనక్కి తీసుకుని డబ్బాలో పోసేసింది. చివరికి అడిగినంతా ఇచ్చి కొనుక్కున్నాను.

"లెక్క చెప్పండి ఆంటీ," అన్నాను. "గిట్టిందా?"

మా ఇద్దరి మధ్యా ఈ విషయంలో మొహమాటాలు లేవు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కొట్టు పాతదాన్లో సగం లేదు. నేను ఓటేసిన పార్టీ మా వైపు ఓడిపోయింది. అమ్మాయి వచ్చే ఏడు అక్కడి పాస్‌పోర్టు తీసుకుంటుంది. నన్ను చూడ్డానికి వస్తే పరాయి దేశపు మనిషిలా గేటు దగ్గర ముద్ర కొట్టించుకుని రావాలి. ఆ రోజు నా సరుకు మోసుకుపోయినవాళ్ళలో కొందరు ఇప్పుడు నా దగ్గరే కొంటున్నారు. నేను గుర్తుపట్టనట్టు కొలిచి ఇస్తున్నాను. అదీ నష్టం కిందే రాయి. ఎక్కడైనా షట్టర్ గట్టిగా చప్పుడైతే నా చేతిలో గజంబద్ద జారిపోతుంది."

"ఇటువైపు?"

"బోర్డు చూశావుగా. పోయిన నెల బజారు సంఘానికి ఎన్నికలు పెట్టారు. చైనావాళ్ళూ, జావావాళ్ళూ, పడాంగ్ నుంచి వచ్చిన హోటలువాళ్ళూ అందరూ. కాలువ బాగు చేయించమని కార్పొరేషన్‌తో మాట్లాడే పని నాకు ఓటేసి అప్పజెప్పారు. నా బేరం గట్టిదని." ఇది చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగింది. "కాలువ ఇంకా బాగవలేదు."

"అన్నీ కలిపితే?"

ఆవిడ పెదాలు కదిలాయి, లోపల కూడుకుంటున్నట్టు.

"నష్టమే," అంది. "పోయినేడు ఉన్నంత కాదు."